పొలం పద్దులకు ఫొటో తీస్తే చాలదు

దేశంలో మొట్టమొదటి కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) పుట్టింది పుదుచ్చేరిలో, 1974లో. రైతుకు పాఠం చెప్పి వదిలేయకుండా చేతిపని ద్వారా శాస్త్రం నేర్పే సంస్థ ఒకటి ఉండాలని మోహన్ సింగ్ మెహతా కమిటీ నమూనా గీసింది. దాన్ని మొదట అమలుచేసి చూసే పని కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం మీద పడింది. ఆ కేంద్రమే ఇవాళ పెరుంతలైవర్ కామరాజ్ పేరుతో పట్నం శివారు కురుంబపేటలో, పుదుచ్చేరి ప్రభుత్వం కింద నడుస్తోంది. ఒక్కదానితో మొదలైన ఈ కేంద్రాలు దేశమంతటా ఇప్పుడు 700 దాటాయి. ఇలాంటి కేంద్రం, దానికి తోడు వ్యవసాయ శాఖ, యాభై ఏళ్ళు పనిచేస్తే జనానికి కనబడేవి కొత్త విత్తనం, కొత్త మందు, పెరిగిన దిగుబడి. ఆఫీసులో మిగిలేది మాత్రం కాగితం. ఎవరి చేలో ఏ రకం నాటారు, పక్క మడిలో రైతు తన పద్ధతిలో వేసింది ఎంత పండింది, ఆ ఏడు వాన ఎప్పుడు మొదలైంది, సుడిదోమ ఏ వారంలో దిగింది, భూసార పరీక్షలో ఏం తేలింది, సిఫారసు విని రైతు ఏమన్నాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. కేవీకేలన్నిటినీ ఒకచోట చూపే పోర్టల్‌ను భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) 2016లో తెచ్చింది. అంతకుముందు నలభై ఏళ్ళ పని దేశంలో ఎక్కడైనా ప్రధానంగా రిజిస్టర్లలో, టూర్ డైరీల్లో, సైక్లోస్టైల్ తీసిన వార్షిక నివేదికల్లో ఉంది.

వాటిని డిజిటైజ్ చేయాలంటే కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ స్కానర్ కింద పేజీ పెట్టి, పీడీఎఫ్ చేసి, సర్వర్లో వేయగానే పని పూర్తయిందని అనుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. అలా చేస్తే ఇనప బీరువాలో ఉన్నది కంప్యూటర్ బీరువాలోకి మారుతుందంతే. వ్యవసాయ విస్తరణ సేవ రికార్డుల విలువ అందులోని అంకెలదైతే, ఆ అంకెలకు అర్థం ఇచ్చేది అవి పుట్టిన పరిస్థితి. ఏ కొలత, ఏ పద్ధతి, ఎంత మడి, ఏ కారు (పంటకాలం) అన్నవి తెలియకపోతే దిగుబడి అంకె ఊరి పేరు లేని ఉత్తరం. ఈ సంగతుల్లో సగం కాగితం మీద లేవు. ఆ రోజుల్లో అందరికీ తెలిసినవే కదా అని ఎవరూ రాయలేదు. అవి రాసిన మనుషుల జ్ఞాపకాల్లో ఉన్నాయి. 1974లో పాతికేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఇప్పుడు 75 దాటాయి. కాబట్టి పుదుచ్చేరిలో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు స్కానర్ కొనేకంటే ముందు పదవీ విరమణ చేసిన సిబ్బంది దగ్గరకు వెళ్ళాలి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

పాత వ్యవసాయ కాగితాల నుంచి నిజంగా శాస్త్రం పుడుతుందా అన్న అనుమానం సహజం. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి గోధుమ పండిస్తూ, ఏటా గింజనూ మట్టినీ సీసాల్లో దాస్తూ, ఏ మడికి ఏ ఎరువు వేశారో పద్దు రాస్తూ వస్తున్నారు. 2008లో పరిశోధకులు ఆ పాత గింజల్ని పరీక్షిస్తే, 1960ల నడుమ వరకు నిలకడగా ఉన్న జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయని తేలింది. సరిగ్గా పొట్టి, అధిక దిగుబడి రకాలు వచ్చిన కాలమది. మట్టిలో ఆ పోషకాలు తరగలేదు. అంటే మార్పు రకంలోనే ఉంది. సీసాలో గింజ ఒక్కటే ఉండి, ఏ మడిదో ఏ రకమో చెప్పే పద్దు లేకపోయి ఉంటే ఈ మాట ఎవరూ చెప్పలేకపోయేవారు. అమెరికాలో 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో విస్తరణ సేవ దేశమంతటా స్థిరపడింది. ప్రతి కౌంటీ ఏజెంటూ ఏడాదికొకసారి రెండు రకాల నివేదిక పంపేవాడు. ఒకటి అంకెల పట్టిక, మరొకటి కథనం. ఆ నివేదికల్ని అక్కడి జాతీయ ఆర్కైవ్స్ మైక్రోఫిల్ముకు ఎక్కించింది. పట్టికను, కథనాన్ని జంటగా ఉంచడంలో చాలా తెలివి ఉంది. పట్టికలో దిగుబడి పడిపోయిన ఏడు ఏం జరిగిందో కథనం చెబుతుంది. మన కేంద్రాల్లో పట్టిక ఒక ఫైల్లో, డైరీ మరొక బీరువాలో ఉంటాయి, డైరీలే ముందు చెత్తలోకి పోతాయి.

వాన లెక్కల విషయంలో అందరూ గుర్తుచేసే ఉదాహరణ 2020 నాటిది. లాక్‌డౌన్‌లో ఇళ్ళలో కూర్చున్న 16 వేల మందికి పైగా వాలంటీర్లు బ్రిటన్ పాత వర్షపాత పట్టికల్ని, దాదాపు 66 వేల కాగితాల్ని, కంప్యూటర్లోకి ఎక్కించారు. రెడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ దీనికి ఆధ్వర్యం వహించారు. 16 రోజుల్లో 50 లక్షలకు పైగా అంకెలు టైపయ్యాయి. ఆ లెక్కలు చేరాకే బ్రిటన్ రికార్డుల్లో అన్నిటికంటే పొడి సంవత్సరం 1855 అని తేలింది. అంత వేగంగా ఎలా అయిందంటే, వాన లెక్క సూటిగా ఉంటుంది. ఊరు, నెల, అంగుళాలు, చివర ఏడాది మొత్తం. ఒకే అంకెను పలువురు టైపు చేస్తారు, నెలల కూడిక మొత్తంతో సరిపోవాలి, పోకపోతే తప్పు వెంటనే దొరుకుతుంది. వ్యవసాయ విస్తరణ రికార్డు అంత సూటిది కాదు.

పుదుచ్చేరి సంగతే చూడండి. ఈ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళం మాట్లాడతాయి, మాహే మలయాళం, యానాం తెలుగు. 1954 నవంబరు 1న పాలన భారత్‌కు బదిలీ అయ్యేదాకా రాతకోతల్లో ఫ్రెంచి ఉండేది. భూమిని ఫ్రెంచి దొరతనం హెక్టార్లలో కొలిస్తే, గట్టు అవతలి మద్రాసు రాష్ట్రం ఎకరాల్లో కొలిచింది. పుదుచ్చేరి కమ్యూన్లు దక్షిణ ఆర్కాటు జిల్లా ఊళ్ళతో కలగాపులగంగా అల్లుకుని ఉంటాయి కనుక, పక్కపక్క చేలకు రెండు రకాల కొలతలు. వాన అటు మిల్లీమీటర్లు, ఇటు అంగుళాలు, సెంట్లు. రైతు నోట మాత్రం హెక్టారూ లేదు, ఎకరమూ లేదు. కాణి, కుళి. పుదుచ్చేరి పరిసరాల్లో కుళి అంటే 576 చదరపు అడుగులు, వంద కుళులు ఒక కాణి, అంటే సుమారు 1.32 ఎకరాలు. కారైకాల్‌ను ఆనుకున్న తంజావూరు డెల్టాలో కుళి 144 చదరపు అడుగులే. అక్కడి వంద కుళులు 33 సెంట్లు. ఒకే శాఖ, ఒకే రకం ఫారం, ఒకే అంకె, విస్తీర్ణంలో నాలుగింతల తేడా. ఇంత తేడా దిగుబడి లెక్కలోకి దూరితే పుదుచ్చేరి రైతు అద్భుతాలు చేస్తున్నాడనో, కారైకాల్ రైతు చేతకానివాడనో తేలుతుంది. ఇది ఊహించుకున్న భయం కాదని మన తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో, వాటిని ఆనుకున్న యానాంలో ధాన్యం లెక్క 75 కిలోల బస్తాల్లో నడుస్తుంది. నెల్లూరు వెళితే పుట్టి, అంటే 850 కిలోలు. "ముప్ఫై" అని మాత్రమే రాసిన గడి ముందు కోయంబత్తూరులోనో ఢిల్లీలోనో కూర్చున్న పరిశోధకుడు ఏం చేయగలడు?

కాలం కూడా అంతే. పాత రెవెన్యూ పద్దుల్లో ఏడాది ఫసలీలో ఉంటుంది. ఫసలీ 1384 అంటే 1974 జులై నుంచి 1975 జూన్ వరకు. కారు పేర్లు పుదుచ్చేరిలో సొర్ణవారి, సాంబ, నవరై, యానాంలో సార్వా, దాళ్వా. వీటిని ఖరీఫ్, రబీ అనే రెండు గడుల్లో కుక్కితే మూడో కారు ఎక్కడో పోతుంది, పోయినట్టు కూడా తెలియదు.

ఇక భూసార పరీక్ష రిజిస్టరు ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాషియం అని గడులుంటాయి. భాస్వరం కింద 20 అని ఉందనుకుందాం. ఆ అంకె మీద కనీసం మూడు ప్రశ్నలు వేయాలి. మొదటిది, మట్టి నుంచి భాస్వరాన్ని ఏ ద్రావణంతో తీశారు? ఆమ్ల నేలలకు 1945 నాటి బ్రే పద్ధతి, తటస్థ, క్షార నేలలకు 1954 నాటి ఓల్సెన్ పద్ధతి వాడతారు. రెండూ ఒకే మట్టికి వేర్వేరు అంకెలు ఇస్తాయి. రెండోది, 20 అంటే మూలకమైన భాస్వరమా, ఎరువుల సంచి మీద రాసే భాస్వరం పెంటాక్సైడా? మొదటిదైతే రెండోదిగా మార్చడానికి 2.29తో గుణించాలి. మూడోది, మట్టిని ఎంత లోతు నుంచి తీశారు, ఎరువు వేయకముందా, తర్వాతా? ఈ మూడింటికీ జవాబు ఉంటే, వేలాది పాత ఫలితాలు పటం మీద పరచి, అర్ధ శతాబ్దంలో నేల ఏమైందో, రసాయనిక ఎరువుల వాడకం ఎక్కడ పేరుకుందో, ఎక్కడ కర్బనం తరిగిందో చెప్పవచ్చు. జవాబు లేకపోతే అవి గడులు నింపిన సిరా. ఇందులో రెండో ప్రశ్నకు జవాబు తరచుగా రిజిస్టరు మొదటి పేజీలోనో, అట్ట లోపల అంటించిన చీటీ మీదనో దొరుకుతుంది. స్కాన్ చేసేవాళ్ళు "ఖాళీ పేజీ" అని వదిలేసేవి సరిగ్గా ఇవే. మొదటిది, మూడోది ఆ ల్యాబులో పనిచేసిన మనిషి చెబితేనే తెలుస్తాయి.

మడి పరిమాణం ఎంత ముఖ్యమో మన దేశ గణాంక శాస్త్రం చాలా ముందే పట్టుకుంది. 1940లలో పంట కోత ప్రయోగాలను తీర్చిదిద్దిన పి.వి. సుఖాత్మే, మరీ చిన్న మడి కోసి లెక్క కడితే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుందని 1946లో చూపించారు. గీత మీద పడ్డ దుబ్బుల్ని కోసేవాళ్ళు తెలియకుండానే లోపలికి కలిపేస్తారు. మడి చిన్నదైన కొద్దీ చుట్టుకొలత వాటా పెరిగి, ఆ తప్పు పెద్దదవుతుంది. కొత్త పద్ధతిని రైతుకు చూపే ప్రదర్శన క్షేత్రంలో ఎంత మేర కోసి తూచారో రాసి ఉంటే ఈ తప్పును లెక్కలో సరిదిద్దుకోవచ్చు. రాసి లేకపోతే, "మేం ఎప్పుడూ సెంటు మేర కోసేవాళ్ళం" అని చెప్పగలిగే మనిషి ఒకరు కావాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. విస్తరణ సిబ్బంది ప్రదర్శనకు ఎంచుకునేది నీటి వసతి ఉన్న మంచి చేను, మాట వినే చురుకైన రైతు. విత్తనం ఉచితం, ఎరువు సబ్సిడీ, వారం వారం పర్యవేక్షణ. పైగా లక్ష్యాలు చేరామని చూపించే ఒత్తిడి. ఇలాంటి లెక్కలకు ఇంత ఖర్చు దేనికి? అభ్యంతరం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పొరపాటు ఎటువైపు మొగ్గుతుందో తెలిసినప్పుడు ఆ రికార్డు పనికిరానిది కాదు. ప్రదర్శన మడి దిగుబడిని ఊరి సగటుగా వాడితే తప్పు. అదే చేలో, అదే రైతు, పక్క మడిలో తన పద్ధతిలో పండించిన దానికీ దీనికీ ఉన్న తేడాను వాడితే, చేను మంచిదన్న పక్షపాతం చాలావరకు రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఆ పక్క మడి లెక్క ఉండటమే ఈ రికార్డుల ప్రత్యేకత. పంట కోత ప్రయోగాల సగటుతో పోల్చి చూడవచ్చు కూడా. అన్నిటికీ మించి, డైరీల్లో విఫలమైన ప్రయత్నాలు ఉంటాయి. చిరుసంచుల్లో ఇచ్చిన రకం ఏ ఊళ్ళో నిలవలేదు, ఎందుకు నిలవలేదు, వరద నీరు తీయలేకనా, బియ్యం రుచి నచ్చకనా, గడ్డి పశువులకు సరిపోకనా? అచ్చయిన పరిశోధన పత్రాల్లో వైఫల్యం కనబడటం అరుదు. ఈ డైరీలు పోతే అదే ప్రయోగాన్ని, అదే ఊళ్ళో, ప్రజల డబ్బుతో మళ్ళీ చేసి మళ్ళీ ఓడిపోతాం.

పాత రకాలు ఇప్పుడు ఎవరూ వేయడం లేదు, వాటి సంగతి ఎందుకన్నది మరొక ప్రశ్న. రకం పోయినా నేల, నీరు, వాన పోలేదు. పుదుచ్చేరి నీటి కథ దీనికి మంచి సాక్ష్యం. 1880లో భారత భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ పుదుచ్చేరి ఆర్టీసియన్ బావుల మీద ఒక నివేదిక రాశాడు. బోరు దించితే మోటారు లేకుండా, భూమి లోపలి ఒత్తిడికే నీరు పైకి పొంగే బావులవి. మద్రాసుకు కూడా ఇలాంటి నీరు దొరుకుతుందా అన్నది ఆయన ఆలోచన. అదే తీరంలో ఇవాళ రైతులు లోతైన బోర్లతో నీరు తోడుతున్నారు, సముద్రపు ఉప్పు లోపలికి చొచ్చుకొస్తోందన్నది పెద్ద బెంగ. ఆ రెండు కొసల మధ్య ఏ దశాబ్దంలో, ఏ కమ్యూన్‌లో, ఏ పంట మార్పుతో నీరు కిందికి దిగిందో చెప్పగల కాగితాల్లో విస్తరణ సేవ కాగితాలు ముఖ్యమైనవి. బావి లోతు, మోటారు సామర్థ్యం, చెరుకు వేసిన మేర, నీటిలో ఉప్పు అన్నీ రైతు దరఖాస్తుల్లో, పరీక్ష రిజిస్టర్లలో పడి ఉంటాయి. ఈ ప్రాంతంలో ఊసుడు, బాహూరు లాంటి పెద్ద చెరువులతో కలిపి 84 చెరువులున్నాయి. వాటిని బాగుచేసేటప్పుడు ఒకప్పుడు ఏ చెరువు కింద ఎన్ని కాణులు సాగయ్యేవో తెలియడం రైతుకు రేపటి అవసరం.

కృత్రిమ మేధ వచ్చేసింది కదా, చేతిరాతను యంత్రమే చదువుతుంది, ఇప్పుడు ఫొటోలు తీసి ఉంచితే చాలు అనేవాళ్ళు పెరుగుతున్నారు. చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్ నిజంగా బాగుపడింది, దాన్ని వాడాలి కూడా. కానీ అది చదవగలిగేది రాసి ఉన్నదాన్నే. కుళి అని ఉంటే కుళి అని చదువుతుంది. ఆ గుమస్తా పుదుచ్చేరి కుళి రాశాడా, తంజావూరు కుళి రాశాడా అన్నది అక్షరంలో లేదు. ఇంకా ప్రమాదమేమిటంటే, యంత్రం గడి ఖాళీగా వదలకుండా ఏదో ఒకటి నమ్మకంగా నింపుతుంది. కాబట్టి మూడు పొరలు విడివిడిగా ఉండాలి. పేజీ బొమ్మ, అందులోని రాత ఉన్నది ఉన్నట్టుగా, ఆపైన ప్రమాణాలు మార్చిన లెక్క. మూడో పొరలో ఎవరు, ఏ ఆధారంతో మార్చారో ప్రతి అంకె వెంటా ఉండాలి. రేపు మార్చింది తప్పని తేలితే రెండో పొరకు తిరిగి వెళ్ళగలగాలి.

డిజిటల్ అంటే శాశ్వతమన్న నమ్మకాన్ని సరిచేసే పాఠం కూడా పుదుచ్చేరిలోనే ఉంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ 1998లో విల్లియనూర్ కేంద్రంగా, కెనడా సంస్థ ఐడీఆర్‌సీ సాయంతో, ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టింది. గ్రామాల్లో ఇంటర్నెట్ అన్న మాటే కొత్తగా ఉన్న రోజులవి. ధరలు, పథకాలు, పంటల కబుర్లు తమిళంలో అందేవి. వీరాంపట్టణం జాలర్లకు అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి దించిన అలల ఎత్తును మైకులో చదివి వినిపించేవారు. ప్రపంచం మెచ్చిన పని. అయితే ఆ కాలంలో భారతీయ భాషల కంప్యూటర్ రాత యూనికోడ్‌లో లేదు, ఏ కంపెనీ ఫాంటుకు ఆ సంకేతాలే. తెలుగులో అను ఫాంట్లతో దాచిన పాత ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనబడుతుందో పత్రికల్లో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. 1975 కాగితం ఇవాళా కంటితో చదవవచ్చు, 1998 ఫైలుకు మార్పిడి పట్టిక కావాలి. కాబట్టి డిజిటైజ్ చేశాక కాగితాన్ని పారేయకూడదు. చేసిన ఫైళ్ళను కూడా బహిరంగ ప్రమాణాల్లో, ఒకటికి మించిన చోట్ల దాచి, కొన్నేళ్ళకోసారి తెరిచి చూడాలి.

రైతుల సొంత వివరాల సంగతి ఒకటుంది. ఈ రిజిస్టర్లలో పేర్లు, సర్వే నంబర్లు, అప్పులు, కొన్నిట్లో కులం కూడా ఉంటాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, నలభై ఏళ్ళ క్రితం ఒక కుటుంబం ఎంత అప్పు చేసిందో ఊరంతా చదవడానికి పెట్టడం మర్యాద కాదు. బహిరంగ ప్రతిలో పేరు తీసి, ఊరు, నేల, మడి పరిమాణం ఉంచితే శాస్త్రానికి నష్టం లేదు. పూర్తి ప్రతి ఆర్కైవులో తాళం కింద ఉంటుంది. ఇది డిజిటైజ్ చేయకపోవడానికి కారణం కాజాలదు. ఎలా చేయాలో చెప్పే షరతు మాత్రమే.

డబ్బు, బాధ్యత ఎవరివన్నది చివరి అడ్డంకి. చట్టపరంగా పుదుచ్చేరి స్థితి చాలా రాష్ట్రాల కంటే మెరుగు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వంతోపాటు కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుంది. ఏ రికార్డునైనా నిర్ణీత పద్ధతిలో పరిశీలించకుండా నాశనం చేయకూడదని అది చెబుతుంది. జాతీయ ఆర్కైవ్స్‌కు పట్నంలోనే రికార్డు కేంద్రం ఉంది. నైపుణ్యం కూడా పక్క వీధిలోనే ఉంది. 1955లో మొదలైన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లోని తాళపత్ర శైవ గ్రంథాలు 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. అదే సంస్థ బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళ గ్రామ న్యాయసభల 1870–1940 నాటి కాగితాలను ఇళ్ళలో వెతికి ప్రతులు తీసింది. తాళపత్రానికి దక్కిన గౌరవం ఎరువుల రిజిస్టరుకు దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది. శైవాగమం ఎంత చదువో, ఇదీ అంత చదువే. పైగా తాళపత్రానికి వేరే ఊళ్ళో మరో ప్రతి ఉండవచ్చు, క్షేత్ర సహాయకుడి డైరీకి ఇంకో ప్రతి ఉండదు.

అందుచేత పని వరుస మార్చమంటున్నాను. ముందుగా బీరువాల్లో ఏమున్నాయో జాబితా. ఇద్దరు మనుషులు, ఒక నోటుబుక్కు, గుండుసూదులూ తుప్పు క్లిప్పులూ తీసే ఓపిక ఉంటే చాలు. రెండోది, ప్రతి రకం రిజిస్టరు నుంచి నాలుగైదు పేజీలు మాత్రం ఫొటో తీసి, వాటిని పట్టుకుని పాత సిబ్బంది దగ్గర కూర్చుని, గడి గడికీ అర్థం రికార్డు చేయడం. ఆ తర్వాతే స్కానర్. యానాం పుస్తకాలకు ఫ్రెంచి తెలిసిన తమిళ పండితుడు చాలడు. సార్వాకూ దాళ్వాకూ తేడా తెలిసి, 75 కిలోల బస్తా మోసిన తెలుగు మనిషి, గోదావరి మండలాల్లో పనిచేసి దిగిపోయిన విస్తరణాధికారి ఎవరైనా కావాలి. పదవీ విరమణ చేసినవాళ్ళ పేర్లు, చిరునామాలు పెన్షన్ ఇచ్చే ఖజానా కార్యాలయం దగ్గర ఉంటాయి. ప్రతి ఏడూ నవంబరులో వాళ్ళు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిందే. వాళ్ళలో వ్యవసాయ శాఖలో చేసినవాళ్ళు ఎవరో చూసి, ఒప్పుకున్నవాళ్ళను ఒక పూట పిలవడానికి శాఖ నుంచి ఒక ఉత్తరం చాలు.